కార్బొరేటర్ కారుతోందా? కిట్ కొనేముందు ఎక్కడ కారుతోందో పట్టుకోండి

రాత్రి పెట్టిన బండి కింద పొద్దున్నే మరక, ఇంటి ముందంతా పెట్రోల్ వాసన. తిరుపతిలో, చిత్తూరులో పాత స్ప్లెండర్, సీడీ 100, ఆర్‌ఎక్స్ 100 ఇంకా రోజూ తోలేవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. కానీ చాలామంది నేరుగా షాపుకెళ్ళి కిట్ (కార్బొరేటర్ లోపలి రబ్బర్లు, నీడిల్ లాంటి చిన్న భాగాల సెట్టు) వేయించేస్తారు, లేదంటే ఇంజిన్‌కి పెట్రోల్, గాలి కలిపి పంపే ఆ కార్బొరేటరే మార్చేస్తారు. ముందు కారే చోటు కనిపెట్టండి అన్నా, చాలాసార్లు ఆ ఖర్చు అక్కర్లేదు.

ఇంజిన్ బాగా చల్లారాక, ఆరుబయట, చదునైన చోట సెంటర్ స్టాండ్ వేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం వద్దు, పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేలబారుగా పేరుకుంటుంది, దూరంగా ఎవరో వెలిగించిన బీడీ చాలు అంటుకోవడానికి. పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద ఉండే కుళాయి) నుంచి కార్బొరేటర్ అడుగుదాకా పాత గుడ్డతో పొడిగా తుడిచి, కాక్ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా కాసేపు చూడండి. కింద ఎక్కడ చుక్క పడుతోందన్నది నమ్మొద్దు, పెట్రోల్ జారుకుంటూ వచ్చి ఎక్కడో పడుతుంది. అన్నిటికన్నా పైన ఎక్కడ తడి మొదలైందో అదే అసలు చోటు.

ట్యూబు దగ్గరైతే ట్యూబు, క్లిప్పు మార్చండి, అంతే. కార్బొరేటర్ కింద పెట్రోల్ నిలిచే కప్పు అతుకు దగ్గర చెమ్మ ఉంటే లోపలి రబ్బరు రింగు పోయినట్టు. 2025 నాటికి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ వచ్చేసింది, ఈ పాత బండ్ల రబ్బర్లు దానికోసం చేసినవి కావు, ఉబ్బుతాయి, గట్టిపడతాయి. రింగుకి బదులు బాండు (జిగురు) పూయించుకోకండి, అది ఊడి ముక్కలు వెళ్ళి జెట్‌లో, అంటే పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రంలో కూర్చుంటాయి.

ఎక్కువగా కారేది మాత్రం ఓవర్‌ఫ్లో పైపులోంచి, అంటే కప్పులో ఎక్కువైన పెట్రోల్ బయటికి పోయే దారిలోంచి. కప్పులో పెట్రోల్ నిండగానే ఫ్లోట్ (లోపల తేలే బోలు ముక్క) పైకి తేలి, నీడిల్‌ని (మొన ఉన్న చిన్న సూదిని) నొక్కి పెట్రోల్ వచ్చే దారి మూసేయాలి, అది మూయడం లేదన్నమాట. స్క్రూడ్రైవర్ పిడితో కప్పు మీద మెల్లగా తట్టండి. ఆగిందంటే నీడిల్ కింద నలక ఇరుక్కుని ఉండొచ్చు. డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఆ పెట్రోల్‌ని గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడండి: అడుగున ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు తుప్పు, గుండ్రంగా బుడగలా విడిగా నిలిస్తే నీళ్ళు. ట్యాంకు శుభ్రం చేయకుండా కార్బొరేటర్ ఒక్కటే కడిగితే అదే నలక మళ్ళీ వస్తుంది.

తట్టినా ఆగకపోతే కప్పు విప్పాల్సిందే. నీడిల్ మొనని వెలుతురుకి పట్టి గోటితో తడమండి, చుట్టూ సన్నటి గాడి గోటికి తగిలిందంటే అది అరిగిపోయింది, ఎంత కడిగినా లాభం లేదు. అది కూర్చునే సీటుని మెత్తటి గుడ్డతోనే తుడవండి, తీగ పెట్టి పొడవొద్దు. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ కదిలిన చప్పుడొస్తే చిల్లు పడ్డట్టే. అనుమానం తీరకపోతే బకెట్‌లో వేడినీళ్ళు తెచ్చి ముంచండి (పొయ్యి దగ్గర ఈ పని చేయొద్దు), చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి.

చాలామంది చూడనిది ఒకటుంది. కొన్ని కార్బొరేటర్లలో కప్పు మధ్యలో నిలబడి ఉండే సన్న ఇత్తడి గొట్టమే ఓవర్‌ఫ్లో దారి. దానికి నిలువునా వెంట్రుకంత పగులు వస్తే నీడిల్, ఫ్లోట్ ఎంత కొత్తవి వేసినా కారుతూనే ఉంటుంది. విప్పిన కప్పు డ్రెయిన్ స్క్రూ బిగించి, గొట్టం పైకొసకి కొంచెం కిందిదాకా పెట్రోల్ పోసి ఎత్తి పట్టుకోండి. ఓవర్‌ఫ్లో కొస నుంచి చుక్క పడిందంటే గొట్టం పగిలింది, కప్పు మార్చాలి. కిట్ వేయించినా ఆగలేదని వచ్చే బండ్లకి నేనైతే ముందు ఇదే చూస్తాను.

సైడ్ స్టాండ్ మీదో, ఏటవాలు రోడ్డు మీదో పెట్టినప్పుడే కారితే ఫ్లోట్ లెవల్ (కప్పులో పెట్రోల్ ఎంతదాకా నిండాక దారి మూసుకోవాలన్న మట్టం) కాస్త ఎక్కువుందేమో చూడాలి. నీడిల్‌ని నొక్కే ఇత్తడి నాలుక ఉన్నవాటిలో దాన్ని వెంట్రుకవాసి వంచి సరిచేయొచ్చు. ప్లాస్టిక్ ఫ్లోట్‌లు చాలావాటికి ఆ వీలుండదు.

ఎక్కడ కారినా సరే, ఫోర్‌స్ట్రోక్ బండైతే ఆయిల్ డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ లెవల్ చూసే పుల్ల) తీసి వాసన చూడండి, పెట్రోల్ ఇంజిన్‌లోకి కూడా దిగి ఉండొచ్చు. పెట్రోల్ కంపు కొట్టినా, లెవల్ పెరిగినా ఆయిల్ మార్చేదాకా కిక్ కొట్టొద్దు, ముఖ్యంగా అలిపిరి దాటి ఘాట్ ఎక్కే పని ఉంటే. పలచబడ్డ ఆయిల్‌తో ఇంజిన్ అరిగిపోతుంది.

ఇక రాత్రి కాక్ మూసి పడుకున్నా కారుతుంటే కాక్ కూడా సరిగ్గా మూయడం లేదు. ట్యూబుని కార్బొరేటర్ నుంచి పీకి ఖాళీ సీసాలో పెట్టి, కాక్ ఆఫ్‌లో ఉంచి ఒక గంట చూడండి. ఒక్క చుక్క పడినా కాక్ విప్పి లోపలి వాషర్ మార్చండి, కొన్నిటిలో అది విడిగా రాదు, కాక్ మొత్తం మార్చాలి.