కోళ్ల గూడుకు కలప కోసే ముందు

అమెరికాలో పెరటి కోళ్ల కోసం వసంతంలోగా గూడు కట్టాలనుకునేవారు రంపం పట్టే ముందు ఇవి చూసుకోండి.

పేరును కొలతగా తీసుకోవద్దు. ‘టూ బై ఫోర్’ అని అమ్మే కర్ర నిజానికి 1½ అంగుళాల మందం, 3½ అంగుళాల వెడల్పు. ఆరబెట్టి చిత్రిక పట్టాక మిగిలేది అంతే. రెండు, నాలుగు అని లెక్కవేసి కోస్తే తలుపు చట్రం నుంచి గుడ్లపెట్టె దాకా ఏదీ అతకదు. పొట్టిగా కోసిన కర్రను మళ్లీ పొడవు చేయలేం.

‘వన్ బై సిక్స్’ పలక వెడల్పు 5½ అంగుళాలే. 8 అడుగుల గోడకు 16 పలకలు చాలవు, 18 కావాలి.

పొడవు సాధారణంగా చెప్పినంత ఉంటుంది. అయినా టేపు పెట్టండి: ‘స్టడ్’ కర్రలు (గోడ చట్రంలో నిలువుగా నిలిపేవి) కొన్ని 92⅝ అంగుళాలే.

నేలను తాకే చోట అందుకు తగినదని చీటీ ఉన్న, పుచ్చకుండా మందు పట్టించిన కలపే వాడండి. 2004కు ముందటి పాత డెక్కు (ఇంటి బయటి చెక్క అరుగు) చెక్కలు ఉచితంగా వచ్చినా వద్దు. వాటికి పట్టించిన మందులో ఆర్సెనిక్ అనే విషం ఉండవచ్చు, అది మట్టిలోకి దిగుతుంది. కోళ్లు ఆ మట్టినే గీరి తింటాయి, ఆ గుడ్లు మన పిల్లలు తింటారు.

కోళ్లు వాలే కర్రగా ‘టూ బై ఫోర్’ వాడితే 3½ అంగుళాల వైపు పైకి ఉంచండి. చలిలో పాదాల మీద కూర్చుని, ఈకలతో వేళ్లు కప్పుకుంటాయి.