రెండు ప్లైవుడ్ షీట్లతో చెరువు పడవ: క్లార్క్ మిల్స్ లెక్క, వరంగల్ ఎండ

1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో, క్లియర్‌వాటర్ అనే ఊళ్లో క్లిఫర్డ్ మెక్‌కే అనే ఆయన పడవలు కట్టే క్లార్క్ మిల్స్‌ను ఒక పని అడిగాడు. పిల్లలు నడపగలిగే తెరచాప పడవ కావాలి, ఖర్చు 50 డాలర్లు దాటకూడదు. మిల్స్ ముందు సరుకు చూసుకున్నాడు. ప్లైవుడ్ వచ్చేది 8 అడుగులకు 4 అడుగుల షీట్లుగా, కాబట్టి రెండు షీట్లలో పడవ మొత్తం రావాలి. ముక్కు కోసుగా పెడితే పొడవు సరిపోదని మొద్దుగా కోసేశాడు. అలా పుట్టిన ఆప్టిమిస్ట్ అనే ఆ పడవ పొడవు 2.36 మీటర్లు, ఇప్పటి నిబంధన ప్రకారం ఖాళీ పడవ కనీస బరువు 35 కిలోలు. 1954లో డెన్మార్క్ చేరి, అక్కడి నుంచి లోకమంతా పాకింది. హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నేర్చుకునేదీ దీంట్లోనే. మిల్స్ 2001లో పోయాడు. ఆయన వేసిన రెండు షీట్ల లెక్క మాత్రం మన వడ్రంగికీ పనికొస్తుంది.

ఇక్కడ చెప్పేది పోటీల ఆప్టిమిస్ట్ గురించి కాదు. అదే లెక్కతో ఇద్దరు కూర్చుని తెడ్లు వేసుకునే పడవ ఇది. చట్రం లేకుండా పలకల్ని రాగి తీగతో కుట్టి, మూలల్ని రెసిన్‌తో అతికించే పద్ధతి 1960ల నుంచి వాడుకలో ఉంది. ఇక్కడ వాడే రెసిన్ ఎపాక్సీ, హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడే జిగురు. ఇంట్లో చేసేవాళ్లకు ఈ పద్ధతే సులువు.

సగం పడవలు ప్లైవుడ్ దుకాణంలోనే పాడవుతాయి. 6 ఎంఎం షీటు మీద ఐఎస్ 710 (నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉండాలి. ఐఎస్ 303 అల్మారాలకు సరిపోతుంది, నీళ్లకు పనికిరాదు. ముద్రను కూడా పూర్తిగా నమ్మొద్దు. వెర్నియర్‌తో మందం కొలవండి, 6 అని చెప్పి 5.2 అంటగట్టే వాళ్లున్నారు. షీటును నిలబెట్టి అంచు చుట్టూ చూడండి. పొరల మధ్య సందు కనబడితే లోపల ఇంకెన్నో ఉంటాయి. రూపాయి బిళ్లతో కొట్టుకుంటూ పోతే బోలుగా మోగే చోటు తెలిసిపోతుంది. నాలుగంగుళాల ముక్క అడిగి తెచ్చి ఎనిమిది గంటలు నీళ్లలో మరిగించండి. ప్రమాణం ప్రకారం ఆ రకం 72 గంటలు మరిగినా విడిపోకూడదు. ఎనిమిదింటికే పొర లేస్తే ఆ దుకాణానికి మళ్లీ వెళ్లక్కర్లేదు. షీటు బరువు 12 కిలోల చుట్టూ ఉంటుంది.

కోతకు ముందు పెళ్లికార్డు అట్టతో నమూనా చేయండి, అడుగుకు అంగుళం లెక్కన. అట్టలో అంచులు కలిస్తే కట్టెలో కలుస్తాయి. మొదటి షీటులో అడుగు పలక: పొడవు 94 అంగుళాలు, వెడల్పు ముందు 18, నడుమ 40, వెనక 32. రెండో షీటులో 15 అంగుళాల పట్టీలు రెండు తీస్తే పక్క పలకలు. మిగిలిన 18 అంగుళాల పట్టీలో ముందు, వెనక పలకలు, కూర్చునే బల్ల ముక్కలు వస్తాయి. పక్క పలక కింది అంచు తిన్నటి గీతలా ఉండకూడదు. ముక్కు దగ్గర అయిదంగుళాలు, వెనక రెండంగుళాలు పైకి లేవాలి. ఆ వంపు లేకపోతే పడవ నీటిని తోసుకుంటూ పోతుంది, తెడ్డు వేసేవాడి భుజాలు పడిపోతాయి. వంపు గీయడానికి మేకులు కొట్టి, వాటి మీదుగా సన్నటి టేకు బద్ద వంచండి. పక్కలు రెండూ కలిపి బిగించి ఒకేసారి కోయండి.

అంచు నుంచి 10 ఎంఎం లోపలికి, ఆరంగుళాలకొకటి చొప్పున 2 ఎంఎం రంధ్రాలు వేయండి. ముక్కు వైపు వంపు ఎక్కువ, అక్కడ మూడంగుళాలకొకటి. వైరింగు రాగి తీగ ముక్కలతో వదులుగా కుట్టి, అన్నీ కుట్టాకే మెలితిప్పండి. ఇప్పుడు మూల నుంచి మూలకు దారం లాగి రెండు కర్ణాలూ సమానమో కాదో చూడండి. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో ముందు పలక, వెనక పలక పై అంచుల మట్టం కూడా చూడాలి. ఇక్కడ మెలిక ఉండిపోతే తర్వాత ఏం చేసినా పోదు, పడవ ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది.

తలుపులకు, నీళ్ల ట్యాంకులకు వాడే పాలిస్టర్ రెసిన్ చవక అని తేకండి. కట్టెను అది సరిగా పట్టదు, రెండు వానలకే పొర ఊడుతుంది. ఎపాక్సీ ఆరేడు కిలోలు పడుతుంది. మన ఎండలకు నిదానంగా గట్టిపడే హార్డెనర్ అడగండి. డబ్బా మీది నిష్పత్తిని కాటాతో తూచే కలపాలి, కంటి లెక్క పనికిరాదు. ఒకసారికి 150 గ్రాములు మించొద్దు. లోతు గిన్నెలో ఎక్కువ కలిపితే దాని వేడికి అదే మరిగి పొగలు కక్కి గట్టిపడుతుంది, కాబట్టి వెడల్పు పళ్లెంలో పరచండి.

చాలామంది చల్లగా ఉంటుందని పొద్దున్నే పూస్తారు. ఎండెక్కేకొద్దీ కట్టెలోని గాలి వ్యాకోచించి పూత నిండా బుడగలు లేస్తాయి. సాయంత్రం నీడన పూస్తే ఉష్ణోగ్రత దిగుతుంది, ఎపాక్సీని కట్టె లోపలికి లాక్కుంటుంది. వానాకాలం ఇంకో తంటా: ఆరిన పూత మీద మైనంలాంటి జిడ్డు తేలుతుంది. నీళ్లతో, గిన్నెలు తోమే పచ్చ పీచుతో కడిగి ఆరబెట్టాకే మరో పూత వేయాలి.

లోపలి మూలలకు సామిల్లు పొట్టును గుడ్డలో జల్లించి ఎపాక్సీలో కలపండి. బజ్జీల పిండి కన్నా గట్టిగా, గరిటె తిరగేసినా జారకుండా ఉండాలి. మూల పొడవునా నింపి, గుండ్రటి ప్లాస్టిక్ ముక్కతో అంగుళం వంపు వచ్చేలా లాగండి. అది పచ్చిగా ఉండగానే మీద మూడంగుళాల ఫైబర్ టేపు పరిచి తడపండి. గట్టిపడ్డాక తీగలు తీయాలి. రానివాటికి సోల్డరింగు ఐరన్ ఆనించి వేడి చేస్తే జారి వస్తాయి. బయటి మూలలు గుండ్రంగా రుద్ది అక్కడా టేపు వేయండి.

పై అంచుకు ముడులు లేని టేకు పట్టీ, అంగుళానికి ముప్పావంగుళం. టేకులో నూనె ఉంటుంది, అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే ఊడొస్తుంది. కోసిన ప్లైవుడ్ అంచులకు, స్క్రూ రంధ్రాలకు మూడు పూతలు తాగించండి. కుళ్లు మొదలయ్యేది అక్కడే. మీద పెయింటు తప్పనిసరి, ఎండ తగిలిన ఎపాక్సీ సున్నంలా రాలుతుంది.

బల్లల కింద వంద లీటర్ల థర్మాకోల్ బిగించండి. లీటరుకు సుమారు కిలో చొప్పున తేలుస్తుంది, పడవ నిండా నీళ్లొచ్చినా మునగదు. దాని దగ్గర పెట్రోలు, థిన్నర్ పెట్టొద్దు, కరిగిపోతుంది.

తెరచాప సంగతి తెడ్లు బాగా వచ్చాక చూసుకోవచ్చు. తెరచాప పడవకు నడుమ నుంచి నీళ్లలోకి దించే పలక ఉండాలి, గుర్రపుడెక్క ఉన్న చెరువులో అది అడుగడుగునా తట్టుకుంటుంది కూడా. మొదటిసారి మోకాలి లోతులో, ఇసుక బస్తాలు వేసి, గంటసేపు వదిలి చూడండి. చెరువులో వలలుంటాయి కాబట్టి మత్స్య సహకార సంఘం వాళ్లకు ముందే చెప్పాలి. వరంగల్ జిల్లా పాకాల చెరువు లాంటివి అభయారణ్యంలో ఉన్నాయి, అక్కడ అటవీ శాఖ అనుమతి లేనిదే దించొద్దు. మత్తడి దుంకే రోజుల్లో ఏ చెరువులోనూ వద్దు, ఆ ఉరవడికి తెడ్లు ఆగవు. ఎంత ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే.

ఇంటి దగ్గర బోర్లించి, ఇటుకల మీద పెట్టి, ఇటుకల చుట్టూ చెదల మందు చల్లండి. టార్పాలిన్ పడవకు అంటుకోకుండా కర్రల మీద కప్పితే కింద తేమ నిలవదు.