రాస్తున్నారు గానీ ముందుకు సాగడం లేదా? చిక్కు ఎక్కడుందో చూడండి

కొత్తగా రాసేవాళ్లు ‘కాన్ఫిడెన్స్ లేదండీ’ అన్నప్పుడల్లా నేను మొదట అడిగేది ఒకటే: చివరిసారి ఏం పంపారు, ఎవరికి పంపారు? చాలాసార్లు ఆ జవాబులోనే అసలు కారణం దొరుకుతుంది. పద్ధతి తెలియక ఆగిపోయిన మనిషి తనకు ధైర్యం లేదనుకుంటూ ఉంటాడు. అది చూస్తే నాకు బాధేస్తుంది.

సమస్య: కథ పూర్తయింది, ఇంకా దిద్దుతూనే ఉన్నారు

కారణం: ఆ కథను మీరు తప్ప ఎవరూ చదవలేదు.

పరిష్కారం: ఒక్కరికి ఇవ్వండి. ‘ఎలా ఉంది?’ అని మాత్రం అడక్కండి, మొహమాటానికి బాగుందంటారు. ‘చదువుతూ ఎక్కడ ఫోన్ చూడాలనిపించింది?’ అని అడగండి, అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమనండి. దిద్దాల్సింది ఆ పేరానే. ఆ తర్వాత కథంతా పైకి చదువుకుని, నాలుక తడబడిన సంభాషణలు మార్చి పంపేయండి.

సమస్య: పంపి నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు

కారణం: వేసుకోవడం లేదని విడిగా చెప్పే అలవాటు చాలా పత్రికలకు లేదు. ఆ మౌనాన్ని మీ ప్రతిభ మీద తీర్పు అనుకోకండి. ఆదివారం అనుబంధంలో కథకు దొరికేది ఒకటి రెండు పేజీలు; నాలుగు వేల పదాల కథ ఎంత బాగున్నా అందులో పట్టదు. చేతిరాతను ఫోన్‌లో ఫొటో తీసి పంపితే, దాన్ని టైపు చేసే తీరిక డెస్కులో ఎవరికీ ఉండదు. కథ మీ సొంతమనీ, ఎక్కడా అచ్చు కాలేదనీ చెప్పే హామీ పత్రం లేకపోతే కొన్నిచోట్ల పరిశీలనకే తీసుకోరు.

పరిష్కారం: హైదరాబాద్‌లో ఉంటే, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికో, సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయానికో ఒక పూట వెళ్లండి. మీరు పంపదలచిన పత్రిక సంచికలు వరసగా తిరగేస్తే కథల నిడివి, తీరు తెలుస్తాయి. ఏ ఫాంటులో పంపాలో, పరిశీలనకు ఎంత గడువు అడుగుతారో కూడా వాళ్ల ప్రకటనల్లో చూసుకోండి. మెయిల్ పొడుగ్గా ఉండక్కర్లేదు:

‘కథ జతపరిచాను. 1,400 పదాలు, యూనికోడ్. ఇది నా సొంత రచన, అనువాదం గానీ అనుసరణ గానీ కాదు. ఎక్కడా ప్రచురితం కాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. చిరునామా, ఫోన్ నంబరు కింద ఇచ్చాను.’

ఫేస్‌బుక్‌లో పెట్టినా ప్రచురించినట్టే లెక్కించే పత్రికలున్నాయి, కాబట్టి తొందరపడి పోస్ట్ చేయకండి. గడువు దాటితే, కథను వెనక్కి తీసుకుంటున్నట్టు మర్యాదగా ఒక మెయిల్ పెట్టి ఇంకో పత్రికకు పంపుకోండి.

సమస్య: సభలకు వెళ్లి ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేస్తున్నారు

కారణం: మాట్లాడటానికి చేతిలో విషయం లేదు.

పరిష్కారం: రవీంద్రభారతికి వెళ్లినా, త్యాగరాయ గానసభకు వెళ్లినా వక్తల్లో ఒకరి పుస్తకం ముందే చదువుకుని వెళ్లండి. ‘ఆ కథలో ఈ మలుపు ఎందుకు పెట్టారండీ?’ అంటే చాలు, మిగతా మాటలు అవే వస్తాయి. ప్రచురణకర్తలతో మాట్లాడాలంటే బుక్ ఫెయిర్‌లో పనిరోజు మధ్యాహ్నం మేలు. సాయంత్రాలు స్టాళ్లలో ఊపిరాడదు.

సమస్య: సినిమావాళ్లుండే కృష్ణానగర్ నుంచో ఫిల్మ్‌నగర్ నుంచో కథ కోసం పిలుపొచ్చింది, ఒకటే టెన్షన్

కారణం: డబ్బు, పేరు గురించి అడిగితే అవకాశం చెయ్యి జారిపోతుందన్న భయం. మంచి రచయితలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే అని నా నమ్మకం.

పరిష్కారం: వెళ్లేముందే కథను కాగితం మీద పెట్టండి. ఐడియాకు కాపీరైట్ ఉండదు, రాసిన రూపానికే ఉంటుంది. రాయగానే ఆ హక్కు మీకు వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా రేపు గొడవొస్తే చూపించడానికి తేదీ ఉన్న మెయిలో, నమోదు కాగితమో దగ్గర పెట్టుకోండి.

కూర్చున్నాక అడగాల్సినవి: ‘సార్, ఎన్ని వెర్షన్లు రాయాలి? అడ్వాన్స్ ఎంత? టైటిల్స్‌లో నా పేరు ఎలా పడుతుంది?’ ఈ మాటలు ఇంట్లో రెండుసార్లు పైకి అనుకుని వెళ్తే అక్కడ గొంతు వణకదు. ఇంటికొచ్చాక, అనుకున్నవన్నీ అదే రోజు వాళ్లకు మెయిల్ చేయండి.

సంతకం పెట్టేముందు హక్కులు ఎంతకాలానికి, ఏ ప్రాంతానికి ఇస్తున్నారో చదవండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ఉంటే పారితోషికం దానికి తగ్గట్టు అడగండి.

ఎప్పుడూ రాయని పని అడిగితే, వెబ్ సిరీస్ డైలాగుల్లాంటిది, ‘నాకు రాదండీ’ అనేయకండి. ‘ఒక సీన్ రాసి గురువారానికి చూపిస్తాను’ అనండి. ఒక సీన్ ఉచితంగా ఇవ్వడంలో తప్పులేదు. మొత్తం స్క్రిప్ట్ మాత్రం అడ్వాన్స్ చేతికొచ్చాకే మొదలుపెట్టండి.