ధర్మవరం చీర రంగులను తెరమీద మార్చి చూపడం: ఎస్వీజీతో ఇంటరాక్టివ్ పేజీ తయారీ

ధర్మవరంలో పట్టుచీర నేయించుకోవడానికి వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: వంకాయ రంగు చీరకు చిలకపచ్చ అంచు వేస్తే ఎలా కనిపిస్తుంది, అదే అంచుకు కొంగు మాత్రం మామిడిపండు రంగులో ఉంటే ఎలా ఉంటుంది? మగ్గం దగ్గర ఈ ప్రశ్నకు మాటలతో తప్ప జవాబు చెప్పలేరు. పడుగుకు (మగ్గం మీద పొడవునా సాగే దారాలకు) రంగు అద్ది మగ్గానికి ఎక్కించిన తర్వాత మనసు మార్చుకోవడానికి వీలుండదు. ఫొటోలతో చూపుదామంటే, 12 రంగులే పెట్టుకున్నా బాడీ, అంచు, కొంగు మూడింటికీ కలిపి 1,728 కలయికలు అవుతాయి. అన్ని చీరలు నేసి ఫొటోలు తీయడం ఎవరి వల్లా కాదు. అనంతపురంలో ఉంటూ వెబ్ పేజీలు తయారుచేసే నేను, ధర్మవరంలో మగ్గాలు నడిపే మా మేనమామ కోసం ఒకే ఒక వెక్టర్ బొమ్మతో ఈ పని పూర్తిచేశాను. ఆ పని జరిగిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ తెలిసి, జావాస్క్రిప్ట్‌తో కొద్దిపాటి పరిచయం ఉన్నవారు దీన్ని అనుసరించగలరు. గుణాల పేర్లను పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. ఎడిటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి.

ఎస్వీజీ అనేది ఇలాంటి వెక్టర్ బొమ్మలోని గీతలను, ఆకారాలను అంకెలతో వర్ణించే భాష. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దీన్ని 2001లో ప్రమాణంగా ప్రకటించింది. 2011లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9 కూడా దీన్ని చూపడం మొదలుపెట్టాక ప్రధాన బ్రౌజర్లన్నింటిలోనూ వాడుకునే వీలు కలిగింది. బొమ్మను ఎంత పెద్దది చేసినా గీతల పదును తగ్గదన్నది దీని గురించి అందరూ చెప్పే సుగుణం. మన పనికి అంతకంటే అక్కరకు వచ్చే సుగుణం మరొకటి ఉంది. పేజీలో ఒక పేరా, ఒక బటన్ ఎలా విడివిడిగా ఉంటాయో, ఎస్వీజీలోని ప్రతి ఆకారమూ అలాగే విడిగా ఉంటుంది. దానికి పేరు పెట్టవచ్చు, రంగు మార్చవచ్చు, దాన్ని తాకినప్పుడు ఏం జరగాలో చెప్పవచ్చు. స్క్రిప్టుతో బొమ్మలు గీయడానికి హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న కాన్వాస్‌లో గీసిన బొమ్మకు ఈ వెసులుబాటు లేదు. గీసిన మరుక్షణం అది చుక్కల సమూహంగా మిగిలిపోతుంది. ఏ చుక్క అంచుదో, ఏ చుక్క కొంగుదో బ్రౌజర్‌కు తెలియదు. అందుకే ఈ పనిలో ఎక్కువ శ్రద్ధ స్క్రిప్టు మీద కాక, బొమ్మను సరిగా విడగొట్టి గీయడం మీద పెట్టాలి.

కొలతలు, భాగాలు

మొదట వ్యూబాక్స్, అంటే బొమ్మలో ఎంత మేర కనిపించాలో చెప్పే గుణాన్ని, నిర్ణయించుకోవాలి. అందులో నాలుగు అంకెలు ఉంటాయి: ఎడమ మొదలు, పై మొదలు, వెడల్పు, ఎత్తు. ఇవి పిక్సెళ్లు కావు, మనం ఏర్పరచుకునే కొలమానం. నేను ఒక యూనిట్‌ను ఒక సెంటీమీటరుగా తీసుకుని 0, 0, 550, 120 అని పెట్టాను. జాకెట్టు ముక్క వదిలేస్తే చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు, పన్నా సుమారు 120 సెంటీమీటర్లు కదా. ఇలా చేయడం వల్ల నేతగాడు చెప్పే కొలతను ఏ లెక్కా వేయకుండా నేరుగా బొమ్మలో పెట్టవచ్చు. అంచు 15 సెంటీమీటర్లు అంటే ఎత్తు 15 గల దీర్ఘచతురస్రం, కొంగు ఒక మీటరు అంటే 450 దగ్గర మొదలై 100 వెడల్పు గల దీర్ఘచతురస్రం. నిలువు అక్షం పైనుంచి కిందికి పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. బడిలో గ్రాఫు కాగితం మీద నేర్చుకున్నదానికి ఇది తలకిందులు. కాబట్టి కింది అంచు 105 దగ్గర మొదలవుతుంది.

బొమ్మను ఇంక్‌స్కేప్‌లో గీయవచ్చు, అది బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్. అయితే గీసేటప్పుడే వాడేవారు దేన్ని విడిగా ఎంచుకుంటారో దాన్నిబట్టి గుంపులు చేసి, ప్రతి గుంపుకూ అర్థవంతమైన పేరు ఇవ్వాలి. పై అంచు, కింది అంచు బొమ్మలో దూరంగా ఉన్నా, రంగు ఎంచుకునే మనిషి దృష్టిలో అవి రెండూ ఒకటే. కాబట్టి ఒకే గుంపులో ఉండాలి. ఎస్వీజీలో ముందు రాసింది అడుగున, తర్వాత రాసింది పైన కనిపిస్తుంది. ఆ వరుసను మార్చడానికి జెడ్-ఇండెక్స్ పనిచేయదు కనుక బాడీ, దానిమీద అంచులు, వాటిమీద కొంగు, చివరగా జరీ పని అన్న క్రమంలో రాసుకోవాలి.

దాచుకునేటప్పుడు ప్లెయిన్ ఎస్వీజీ అన్న ఎంపికను తీసుకుంటే ఇంక్‌స్కేప్ తన సొంత అవసరాల కోసం చేర్చే సమాచారం చాలావరకు తొలగిపోతుంది. ఆ తర్వాత ఫైలును ఎడిటర్‌లో తెరిచి ఇంకొక సవరణ తప్పక చేయాలి. ఇంక్‌స్కేప్ రంగును తరచుగా ప్రతి ఆకారం మీదా స్టైల్ గుణంలో రాస్తుంది. అలా రాసిన రంగు మన స్టైల్ షీట్‌లోని నియమాన్ని మించిపోతుంది కాబట్టి ఏ రంగు ఎంచుకున్నా బొమ్మ మారదు. అదే రంగు ఫిల్ అనే విడి గుణంలో ఉంటే స్టైల్ షీట్ దానిమీద నెగ్గుతుంది. ఈ తేడా తెలియక నేను ఒక పూటంతా స్క్రిప్టులో తప్పు వెతికాను. తప్పు స్క్రిప్టులో లేదు.

రంగులను అందించే పద్ధతి

బొమ్మను ఐఎంజీ ట్యాగుతో పేజీలో పెడితే అది చక్కగా కనిపిస్తుంది, కానీ మన స్టైల్ షీట్ గానీ స్క్రిప్టు గానీ దాని లోపలికి చేరలేవు. అందువల్ల ఎస్వీజీ కోడ్‌ను నేరుగా హెచ్‌టీఎంఎల్ మధ్యలోనే ఉంచాలి. ఆపైన బాడీ, అంచు, కొంగు, జరీ అనే నాలుగు సీఎస్ఎస్ వేరియబుళ్లను ఏర్పరచి, ఒక్కొక్క గుంపు ఫిల్‌ను ఒక్కొక్క వేరియబుల్‌కు కట్టాలి. ఇక రంగు మార్చడమంటే ఒక వేరియబుల్ విలువను మార్చడమే. స్క్రిప్టు ఆకారాలను ఒక్కొక్కటిగా వెతకనక్కరలేదు.

ధర్మవరం చీరలకు పేరు తెచ్చిన రెండు రంగుల మెరుపును చూపడంలోనే అసలు కష్టం ఉంది. పడుగు ఒక రంగు, పేక (అడ్డంగా నేసే దారం) మరొక రంగు కావడం వల్ల చీర కదిలినప్పుడు ఒకసారి ఒకటి, మరోసారి మరొకటి తేలుతుంది. తెరమీద దాన్ని పూర్తిగా పట్టుకోలేము గానీ ప్యాటర్న్ అనే అంశంతో కొంత దగ్గరికి రావచ్చు. ఒక యూనిట్ వెడల్పు, ఒక యూనిట్ ఎత్తు గల చిన్న గడిని తీసుకుని, దాన్నంతా పడుగు రంగుతో నింపి, ఎదురెదురు మూలల్లో రెండు చిన్న చతురస్రాలను పేక రంగుతో వేస్తే సాదా నేత తయారవుతుంది. బ్రౌజర్ దాన్ని బాడీ అంతటా పరుస్తుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ప్యాటర్న్ లోపలి ఆకారాలకు వేరియబుళ్లు ఆ ప్యాటర్న్‌ను రాసిన చోటునుంచి సంక్రమిస్తాయి తప్ప, దాన్ని వాడుకునే ఆకారం నుంచి కాదు. వేరియబుళ్లను బాడీ గుంపుమీద పెడితే నేత రంగు మారదు. బొమ్మనంతటినీ చుట్టి ఉన్న అంశంమీద పెట్టాలి. యూజ్ అనే అంశంతో తెచ్చే నకలు ఇందుకు విరుద్ధం, దానికి వేరియబుళ్లు వాడిన చోటునుంచే వస్తాయి.

బుట్టాల విషయంలో ఈ రెండింటిలో ఏది వాడాలో ముందే తేల్చుకోవాలి. 450 యూనిట్ల పొడవు, 90 యూనిట్ల వెడల్పు గల బాడీలో పది యూనిట్లకు ఒకటి చొప్పున వేస్తే 405 బుట్టాలు అవుతాయి. ఒక్కొక్క బుట్టాను విడిగా తాకి మార్చే అవసరం ఉంటే యూజ్ నకళ్లు కావాలి. అన్నీ కలిసే మారతాయంటే ఒక్క ప్యాటర్న్ చాలు, తక్కువ ధర ఫోన్లలో కూడా పేజీ తేలికగా కదులుతుంది. నేను ప్యాటర్న్‌నే ఎంచుకున్నాను. 

చిన్న తెర, పెద్ద చీర

మా మేనమామ దగ్గరికి వచ్చేవారు ఈ పేజీని ఫోన్‌లోనే చూస్తారు. 360 పిక్సెళ్ల వెడల్పు గల తెరలో 550 యూనిట్ల చీరను అమర్చితే ఒక యూనిట్‌కు 0.65 పిక్సెల్ వస్తుంది; చీర మొత్తం ఎత్తు 79 పిక్సెళ్లు కూడా ఉండదు. ఆ పరిమాణంలో నేత గడులు కలిసిపోయి అలలు అలలుగా మెరిసి కళ్లను ఇబ్బంది పెడతాయి. కాబట్టి పేజీలో రెండు బొమ్మలు పెట్టాను. పైన సన్నని పట్టీలా పూర్తి చీర, అందులో ప్యాటర్న్ బదులు పడుగు, పేక రంగులను సగం సగం కలిపిన ఒకే రంగు. ఈ కలపడాన్ని సీఎస్ఎస్‌లోని కలర్-మిక్స్ చేసిపెడుతుంది, 2023 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నీ దాన్ని అర్థం చేసుకుంటున్నాయి. దాని కింద పెద్ద చట్రం, అందులో అదే చీరను యూజ్ ద్వారా తెచ్చి, వ్యూబాక్స్‌ను 450, 0, 100, 120 చేస్తే కొంగు ఒక్కటే నిండుగా కనిపిస్తుంది. 200, 90, 25, 30 చేస్తే కింది అంచు దగ్గరగా వస్తుంది. ఈ రెండు చోట్లా వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 5:6 ఉండేలా చూసుకున్నాను, లేకపోతే చట్రంలో పక్కనో పైనో ఖాళీ మిగులుతుంది. ఇక్కడ కనిపించే దారాలు నేత తీరును సూచించేవే, నిజమైన పట్టుదారం ఇంకా ఎంతో సన్నం. 

వ్యూబాక్స్ అనేది గుణం మాత్రమే, సీఎస్ఎస్ లక్షణం కాదు. అందువల్ల దానిమీద సీఎస్ఎస్ ట్రాన్సిషన్ పనిచేయదు. ఒక దృశ్యం నుంచి మరొక దృశ్యానికి నెమ్మదిగా జరగాలంటే, తెర కొత్తగా గీసుకునే ప్రతిసారీ మన కోడ్‌ను నడిపే రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌లో నాలుగు అంకెలనూ కొద్దికొద్దిగా మారుస్తూ పోవాలి. స్క్రిప్టులో ఈ గుణం పేరు రాసేటప్పుడు మధ్యలోని బి పెద్దక్షరంగా ఉండకపోతే ఏ మార్పూ కనిపించదు. కదలికలు వద్దని తమ ఫోన్‌లో పెట్టుకున్నవారికి మాత్రం నేరుగా చివరి దృశ్యాన్నే చూపాలి. కళ్లు తిరిగే బాధ ఉన్నవారికి అది మనం ఇవ్వవలసిన మర్యాద.

తాకడం, వినడం

పట్టీలోని అంచు 15 యూనిట్లు, అంటే తెరమీద పది పిక్సెళ్ల లోపే. వేలితో దాన్ని గురిచూసి తాకడం కష్టం. తాకే చోటు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్ పేజీలు అందరికీ వాడటానికి వీలుగా ఉండేందుకు చేసిన మార్గదర్శకాలు) చెబుతుంది, మన లెక్కలో అది 37 యూనిట్లు. కనిపించే అంచును మార్చకుండా, దానిమీద 37 యూనిట్ల ఎత్తు గల కనిపించని దీర్ఘచతురస్రాన్ని పరిస్తే సరిపోతుంది. రెండు అంచులకు 74 పోగా బాడీకి 46 యూనిట్లు మిగులుతాయి, అదీ చాలినంతే. అయితే ఫిల్‌ను నన్ అని పెట్టిన ఆకారం మామూలుగా తాకిడిని పట్టుకోదు, వేలు దాన్ని దాటి అడుగున ఉన్నదానికి తగులుతుంది. దానికి పాయింటర్-ఈవెంట్స్ విలువ ఆల్ అని ఇవ్వాలి. ఈ దీర్ఘచతురస్రాలను చీర గుంపుకు బయట ఉంచితే కింది చట్రంలోకి నకలుగా రావు.

ప్రతి భాగానికీ విడిగా ఈవెంట్ లిజనర్ పెట్టవలసిన పని లేదు. పట్టీ మొత్తానికి ఒకటి పెట్టి, తాకిన అంశం ఏ భాగానిదో దానిమీద రాసుకున్న డేటా గుణాన్నిబట్టి తెలుసుకోవచ్చు. ఎంచుకున్న భాగాన్ని గుర్తుంచుకుని, కింద ఉన్న రంగుల బటన్లలో ఒకటి నొక్కగానే సంబంధిత వేరియబుల్‌ను మార్చడంతో స్క్రిప్టు పని దాదాపు ముగుస్తుంది. నా స్క్రిప్టు అరవై పంక్తులు దాటలేదు. ఇంత పనికి పెద్ద లైబ్రరీని తెచ్చిపెట్టడం అనవసరమని నా అభిప్రాయం.

చూపు సరిగా లేనివారి కోసం, కీబోర్డు వాడేవారి కోసం చేయవలసినదాన్ని చివరికి వాయిదా వేయకూడదు. తాకే ప్రతి దీర్ఘచతురస్రానికీ రోల్ బటన్, ట్యాబ్‌ఇండెక్స్ సున్నా, ఆరియా-లేబుల్‌లో "అంచు, ఇప్పుడు చిలకపచ్చ" వంటి తెలుగు మాట ఇవ్వాలి, రంగు మారినప్పుడల్లా ఆ మాటనూ మార్చాలి. హెచ్‌టీఎంఎల్ బటన్‌లా ఇది ఎంటర్, స్పేస్ కీలకు తనంతట తాను స్పందించదు, ఆ రెండింటినీ స్క్రిప్టులో పట్టుకోవాలి. కీబోర్డుతో ఆ భాగం మీదికి వచ్చినట్టు తెలియడానికి చుట్టూ స్పష్టమైన గీత కనిపించాలి. రంగుల బటన్ల మీద కూడా రంగు ఒక్కటే కాక పేరు కూడా ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తుపట్టలేనివారూ చీరలు కొంటారు.

ఎస్వీజీలో తెలుగు రాయవలసి వస్తే కొంత జాగ్రత్త అవసరం. టెక్స్ట్ అంశంలో పంక్తి తనంతట తాను విరగదు. అక్షరాల మధ్య ఖాళీ పెంచినా, ఒక్కొక్క అక్షరానికి స్థానం విడిగా ఇచ్చినా ఒత్తులు, గుణింతాలు చెదిరిపోయే ప్రమాదముంది. మాటలను పాత్‌లుగా (గీతల ఆకారాలుగా) మార్చేస్తే చూడటానికి బాగుంటాయి గానీ, తెరమీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని చదవలేదు. నేను బొమ్మలో ఒక్క మాట కూడా రాయకుండా, పేర్లన్నింటినీ హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంచాను. ఒకే ఐడీ పేజీలో రెండుసార్లు రాకుండా చూడడం కూడా మరవకూడదు. జరీ మెరుపు కోసం వేసిన గ్రేడియంట్ ఐడీ పునరావృతమైతే బ్రౌజర్ మొదటిదాన్నే తీసుకుంటుంది, అది దాచిపెట్టిన బొమ్మలోనిదైతే జరీ అసలు కనిపించకపోవచ్చు.

ఎంచుకున్న రంగులను పేజీ చిరునామాలో చేరుస్తూ పోతే, కొనేవారు ఆ లింకును వాట్సాప్‌లో పంపినప్పుడు నేతగాడి ఫోన్‌లోనూ అదే చీర తెరుచుకుంటుంది. చిరునామాలో రంగు కోడ్‌ను పెట్టడం కంటే దుకాణంలో దారం నమూనాలకు వేసుకున్న సంఖ్యను పెట్టడం మేలు. ఒక ఫోన్‌లో కనిపించిన వంకాయ రంగు మరో ఫోన్‌లో నేరేడుగా కనిపించవచ్చు, పట్టుమీద రెండూ కాకపోవచ్చు. అందుకే మా పేజీలో ప్రతి రంగు పేరు పక్కనే దాని సంఖ్య, పగటి వెలుతురులో తీసిన దారం ఫొటో ఉంటాయి. పడుగుకు రంగు వేసే ముందు మా మేనమామ ఆ సంఖ్య గల దారాన్ని కొనేవారి చేతికిచ్చి చూపిస్తాడు.