చేపల పులుసు మానక్కర్లేదు, ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి

మా నాయనకి డెబ్బై నాలుగేళ్లు, కావలిలో ఉంటారు. పోయిన వేసవిలో ఒకే పూట మూడుసార్లు "మోటరు ఆపారా?" అని అడిగారు. మొదట చూపించిన చోట "వయసు కదండీ" అని పంపేశారు. ఇంకోచోట రక్తపరీక్ష రాస్తే విటమిన్ బి12 బాగా అడుక్కి పోయి ఉంది. పదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు, ఆ బిళ్ల ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుందని మాకెవరూ చెప్పలేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన మూడు నెలలకి మనిషి చాలావరకు తేరుకున్నారు. అందుకే మతిమరుపుకి ఏం తిండి పెట్టాలని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, తిండి మార్చేముందు బి12, థైరాయిడ్, షుగర్, బీపీ చూపించండి. రోజూ గ్యాస్ బిళ్ల మింగేవాళ్లకీ, గుడ్డు, చేప ముట్టనివాళ్లకీ ఇది మరీ ముఖ్యం.

ఇక తిండి. ఫలానాది తింటే డిమెన్షియా, అంటే ముదిరే మతిమరుపు జబ్బు, రాదని ఎవరైనా పొడి డబ్బా అమ్మితే డబ్బులు దాచుకోండి. 2015లో చికాగోలోని రష్ యూనివర్సిటీ వాళ్లు ఆకుకూరలు, పప్పులు, గింజలు, చేపలు ఎక్కువగా ఉండే 'మైండ్ డైట్'ని బాగా పాటించినవాళ్లలో అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) ముప్పు 53 శాతం తక్కువగా కనిపించిందన్నారు, అందరూ ఎగిరి గంతేశారు. 2023లో అదే డైట్‌ని 604 మందితో మూడేళ్లు పరీక్షించి చూస్తే, మామూలు తిండే కాస్త తగ్గించి తిన్నవాళ్లకీ వీళ్లకీ మెదడు చురుకులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరి తిండితో పనే లేదా అంటే అదీ కాదు. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల వాళ్లు 1260 మందిని తీసుకుని, అందులో సగం మందికి తిండితో పాటు వ్యాయామం, మెదడుకి పని, బీపీ, షుగర్ మీద కన్ను, అన్నీ కలిపి రెండేళ్లు చేయిస్తే మెదడు చురుకులో ఫలితం కనిపించింది. తిండి చేసే మేలు చాలావరకు రక్తనాళాల దారిలోనే మెదడుకి చేరుతుంది. బీపీ పెంచే తిండే మెదడుకీ చేటు, అంతే.

అందుకని నా మొదటి గురి ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపే అంటుంది, అంటే ఒక చిన్న చెంచా. ముగ్గురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ రెండు నెలలు దాటి రావాలి. మేము ప్యాకెట్ చించిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాశాం, ఇరవై ఎనిమిది రోజులకే ఖాళీ, అదీ ఆవకాయలో పడింది కాకుండా! ఎటు పోతోందో చూస్తే పొద్దున ఇడ్లీలోకి కారప్పొడి, మధ్యాహ్నం పప్పన్నంలో ఆవకాయ, పక్కన అప్పడం, మజ్జిగలో మళ్లీ చిటికెడు, రాత్రికి ఎండు నెత్తళ్లు. ఒక్కసారిగా తగ్గించకండి, మా అమ్మ అలా చేస్తే నాయన "ఏందిమే ఈ పులుసు, సప్పగా ఉండాది" అని కంచం ముందు నుంచి లేచిపోయారు. వారానికి కొంచెం కొంచెంగా దించండి, ముందు మజ్జిగలో ఉప్పు, తర్వాత అప్పడం, చివరికి పచ్చడి జాడీని భోజనాల దగ్గర నుంచి అల్మారాలోకి. సైంధవ లవణం కూడా ఉప్పే. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ, కొన్ని రకాల బీపీ బిళ్లలు వాడేవాళ్లూ డాక్టర్ని అడగకుండా వాడకూడదు.

పులుసు మాత్రం మానక్కర్లేదు. మామిడికాయ ముక్కలేసిన నెల్లూరు చేపల పులుసు తినొద్దంటే మా ఇంట్లో ఎవరూ నా మాట వినరు, వినాల్సిన అవసరమూ లేదు. నూనె, ఉప్పు తగ్గించి వారానికి రెండుసార్లు పెట్టండి. వంజరమే కావాలని లేదు, చవగ్గా దొరికే కవళ్లు, కానాగంతల్లో ఒమేగా-3 అనే మంచి కొవ్వు బాగా ఉంటుంది. ముసలివాళ్లకి ముళ్లు తీసి పెట్టండి. చేపలు తినరని గుప్పెడు ఒమేగా-3 మాత్రలు కొనిపెట్టడం వల్ల మతిమరుపు ఆగుతుందన్న భరోసా లేదు.

అన్నం గుట్ట సగానికి తగ్గించి ఆ ఖాళీలో తోటకూర పప్పో, మునగాకు వేపుడో పెట్టండి. గోంగూర పచ్చడికి బదులు గోంగూర పప్పు. కనిగిరి, పామూరు వైపు వాళ్లకి సజ్జ సంగటి కొత్తేం కాదు, మంచిదే, కానీ షుగర్ ఉంటే అది కూడా ముద్ద లెక్క చూసుకునే తినాలి. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచొద్దు. మలై కాజా పండగలకి చాలు.

ఇవన్నీ కాస్త ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకి. ఎనభై దాటి బరువు తగ్గిపోతున్న మనిషికి పథ్యాలు పెట్టకండి, గుడ్డు, పెరుగు, మెత్తటి పప్పన్నం, ఏది ఇష్టంగా తింటే అది పెట్టండి. మతిమరుపు ముదిరినవాళ్లకి తెల్ల పళ్లెంలో తెల్లన్నం సరిగా ఆనదు, రంగు పళ్లెం వాడితే కొందరు ఇంకో రెండు ముద్దలు తింటారు.

మన రోహిణి కార్తె ఎండల్లో నీళ్లు తగ్గినా పెద్దవాళ్లు తికమకగా మాట్లాడతారు, వయసుతో దాహం అంతగా తెలియదు కూడా. గుండె, కిడ్నీ జబ్బులకి డాక్టర్ నీళ్లు తగ్గించమని చెప్పకపోతే పూటకో చెంబు ఎదురుగా పెట్టండి. మా నాయన తాగాక చెంబు బోర్లిస్తారు. బోర్లించి లేకపోతే తాగలేదని లెక్క, ఆయన ఎంత తాగానన్నా సరే.