రేడియేటర్ పైభాగం చల్లగా ఉందా?

బ్రిటన్‌లో ఉంటున్నవారు చలి ముదరకముందే ఇంట్లో గదులను వెచ్చబరిచే వేడినీళ్ల రేడియేటర్లను ఒకసారి చేత్తో తాకి చూడండి. కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టే. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే చిన్న రేడియేటర్ తాళంచెవి ఉంటే ఆ గాలిని మీరే తీసేయవచ్చు.

ముందు హీటింగ్ ఆపి, రేడియేటర్లను పూర్తిగా చల్లారనివ్వండి. ఈ విషయంలో తొందర వద్దు, వేడినీళ్లు చిమ్మితే చేయి కాలుతుంది. పైమూలలో ఉండే చదరపు స్క్రూకు తాళంచెవి తగిలించి, కింద పాత గుడ్డ పట్టి, ఎడమవైపుకు అర చుట్టు మాత్రమే తిప్పండి. బుస్సుమంటూ గాలి పోతుంది. నీళ్లు ధారగా రాగానే బిగించేయండి. ఆ నీళ్లు ఒక్కోసారి నల్లగా ఉంటాయి, కార్పెట్ మీద పడితే మరక వదలదు. మేడ ఇల్లయితే కింది అంతస్తుతో మొదలుపెట్టండి.

చాలామంది మరిచిపోయేది ఆ తర్వాతి పని. గాలి పోయాక బాయిలర్ ఒత్తిడి తగ్గుతుంది. కాంబి బాయిలర్ (హీటింగ్‌కూ, కుళాయి వేడినీళ్లకూ ఒకటే బాయిలర్) చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా దాని మీద ఒత్తిడి చూపే ముల్లు 1 నుంచి 1.5 బార్ (ఒత్తిడి కొలమానం) మధ్య ఉండాలి. తగ్గితే ఫిల్లింగ్ లూప్ (హీటింగ్ వ్యవస్థలోకి కుళాయి నీళ్లు పంపే గొట్టం) వాల్వు తెరిచి నీళ్లు నింపి, గట్టిగా మూసేయండి.

పైన వేడిగా, కింద చల్లగా ఉంటే మాత్రం కారణం అడుగున పేరుకున్న తుప్పు మడ్డి. గాలి తీసినా ఫలితం ఉండదు, ప్లంబర్‌ను పిలవండి.