కాలువ నీళ్లు కుళాయిలో కలిస్తే: సంపు, ట్యాంకు కడుక్కునే పద్ధతి

విజయవాడలో బుడమేరు పొంగినా, గుంటూరు పాత సందుల్లో పైపు పగిలినా జబ్బు వచ్చే దారి ఒక్కటే. రోగి మలంలోని క్రిములు నీళ్లలో కలిసి ఇంకొకరి నోట్లోకి చేరతాయి. కలరా, టైఫాయిడ్, కామెర్లలో హెపటైటిస్ ఎ, ఇ రకాలు ఇలా వచ్చేవే. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ వైపు మునిగిన ఇళ్లలో సంపుల్లోకి చేరింది ఆ మురుగే.

వరద లేని రోజుల్లో అసలు ముప్పు కుళాయి లైనుకు నేరుగా బిగించే మోటారుతోనే. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపు పగులులోంచి నీళ్లు బయటికి కారతాయే తప్ప లోపలికి రావు. మోటారు గుంజగానే పక్కనున్న సైడు కాలువ నీళ్లు అదే పగులులోంచి లోపలికొస్తాయి. నష్టం ఆ ఇంటికే కాదు, సందంతటికీ. కుళాయి నీళ్లను సంపులోకి వాటంతటవే పడనిచ్చి, అక్కడి నుంచే మోటారుతో పైకి ఎక్కించండి.

ముందు సంపు, తర్వాత మిద్దె మీది ట్యాంకు కడగాలి. నీళ్లన్నీ తోడేసి అడుగు బురద పూర్తిగా ఎత్తేయండి. బురద ఉంటే బ్లీచింగ్ దానికే ఖర్చైపోతుంది, క్రిములకు మిగలదు. గోడలు బ్రష్షుతో గట్టిగా రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి. మూసి ఉన్న సంపులోకి వెంటనే దిగొద్దు. మూత తీసి బాగా గాలి ఆడనివ్వండి, పైన ఒక మనిషి ఉండాల్సిందే.

తర్వాత నీళ్లు నింపి, ప్రతి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ వేయాలి. కాస్త పాతదైతే 200. ప్లాస్టిక్ బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి పై తేట మాత్రమే పోయండి. ఇంట్లో కుళాయిలన్నీ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి, పైపులూ శుభ్రపడతాయి. రాత్రంతా, అంటే కనీసం 12 గంటలు ఉంచి మొత్తం వదిలేయండి. ఆ నీళ్లు తాగకూడదు. బాత్‌రూమ్ యాసిడ్‌తో బ్లీచింగ్ కలిపితే విషవాయువు వస్తుంది, ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు.

మళ్లీ నింపిన నీళ్లకు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు. కొట్టు కాటాలో అంత చిన్న తూకం తేలదు. 25 గ్రాములు తూయించి పది సమాన పొట్లాలు కట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. గంట తర్వాత నీళ్లకు లేత క్లోరిన్ వాసన ఉండాలి. లేకపోతే పౌడర్ చచ్చిపోయిందనో, నీళ్లలో మురికి ఇంకా ఉందనో అర్థం. వీధిలో విరేచనాలు మొదలైతే ఇవన్నీ చేసినా తాగే నీళ్లు కళపెళ కాచుకోవాలి. కాచిన బిందెలో చెయ్యి ముంచితే శ్రమంతా వృథా. కుళాయి ఉన్న బిందె వాడండి.

విరేచనాలు పట్టుకున్నవారికి లీటరు ప్యాకెట్ ఓఆర్ఎస్ సరిగ్గా లీటరు నీళ్లలోనే కలిపి కొద్దికొద్దిగా పట్టండి, 24 గంటలు దాటితే పారబోయండి. ఆర్నెల్లు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు ఇవ్వాలి. మూత్రం ఆగినా, మత్తుగా ఉన్నా, మలంలో రక్తం కనబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒకే సందులో రెండు మూడిళ్లలో మొదలైతే ఆ పూటే వార్డు సచివాలయంలో చెప్పండి, పగిలిన పైపును వెతికేది వాళ్లే.